పద్మిని ఇంజన్ రీబోరింగ్: ఏ పిస్టన్ సెట్ కొనాలి, ఏది వదిలేయాలి

ఇంజన్‌లో అరిగిన సిలిండర్లను కొంచెం పెద్దగా తొలిపించడమే రీబోరింగ్. ప్రీమియర్ పద్మిని కారు ఇంజన్‌కు అలా చేయించాక ఓవర్‌సైజ్ పిస్టన్లు, అంటే అసలు సైజు కన్నా పెద్దవి, కావాలంటే మూడు దారులున్నాయి. ఒకటి, పాత స్పేర్ పార్టుల షాపుల్లో మిగిలిపోయిన సీల్డ్ సెట్. రెండోది, కొత్తగా పోత పోసి అమ్ముతున్న సెట్. మూడోది, వేరే బండి పిస్టన్‌ను లేత్ మీద మార్చి వేయడం. మొదటిది మంచి స్థితిలో దొరికితే ఇంకో ఆలోచన వద్దు. రెండోది కొలతలు చూశాకే కొనాలి. మూడోది మిగతా రెండూ దొరకనప్పుడే.

ముందు పవర్ మీద ఆశ సంగతి. ఈ ఇంజన్ బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 68 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 75 మి.మీ., మొత్తం 1089 సీసీ. బోర్ ఒక మిల్లీమీటరు పెంచితే 1122 సీసీ అవుతుంది, అంటే మూడు శాతం. స్టీరింగ్ దగ్గర కూర్చున్న వాళ్లకు ఆ తేడా తెలియదు. కాబట్టి అరిగిన సిలిండర్ శుభ్రపడేంత చిన్న సైజే కొనండి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. 20 థౌతో పోయే అరుగుదలకు 40 థౌ కొట్టిస్తే వచ్చేసారి రీబోరింగ్‌కు లోహం మిగలదు. ఇటలీలో ఫియట్ 1100డి 72 మి.మీ. బోర్‌తో 1221 సీసీ వచ్చింది కదా, మన బ్లాకునూ అంత చేయిద్దామనేవాళ్లు ఉన్నారు. చుట్టూ రెండేసి మిల్లీమీటర్ల గోడ పోతుంది. అల్ట్రాసోనిక్ గేజ్‌తో ప్రతి సిలిండర్‌నూ పైన, మధ్యలో, కింద కొలిపించకుండా ఆ పని చేయకూడదు. మా లెక్కలో థ్రస్ట్ వైపు (పిస్టన్ గట్టిగా ఒత్తే వైపు) 4 మి.మీ. గోడ మిగలకపోతే లైనర్, అంటే సిలిండర్ లోపల బిగించే కొత్త గొట్టం, వేయించుకోవడమే మేలు.

పాత సెట్ కొనేటప్పుడు డబ్బా మీది అంకెను నమ్మవద్దు. కొన్ని సెట్ల మీద సైజు థౌలలో ఉంటుంది, కొన్నిటి మీద మిల్లీమీటర్లలో. 40 థౌ అంటే 1.016 మి.మీ. దాన్ని 1.0గా తీసుకుని బోర్ కొట్టిస్తే 0.016 మి.మీ. తగ్గుతుంది. పిస్టన్‌కూ గోడకూ మధ్య ఖాళీ, అంటే క్లియరెన్సే 0.05 మి.మీ. ఉండే చోట అది మూడో వంతు. బండి వేడెక్కిన రోజు పిస్టన్ పట్టేస్తుంది. అందుకే షాపులోనే మైక్రోమీటర్ పెట్టి స్కర్ట్ (రింగుల కింద ఉండే పిస్టన్ పక్క గోడ) కింది భాగాన్ని, పిన్‌కు (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే కడ్డీకి) అడ్డంగా, నాలుగు పిస్టన్లకూ కొలవండి. నాలుగింటికీ మధ్య తేడా 0.01 మి.మీ. దాటితే తీసుకోవద్దు. పిన్‌ను చేత్తో తిప్పి చూడండి. తుప్పు చుక్కలు గోరుకు తగిలితే ఆ పిన్ పనికిరాదు. రింగులు అట్టముక్కకు అంటుకుపోయి ఉంటే రింగ్ సెట్ విడిగా కొనాల్సిందే.

కొత్త పోత సెట్లలో సైజు కన్నా బరువుతోనే ఎక్కువ ఇబ్బంది. పిన్‌తో సహా నాలుగింటినీ తూకం వేయండి. మూడు గ్రాముల లోపు తేడా ఉంటే సరే. ఎక్కువుంటే బరువైనదాన్ని పిన్ బాస్ (పిన్ కూర్చునే మందపాటి దిమ్మ) కింది అంచు దగ్గర కొద్దికొద్దిగా తగ్గించాలి. పిస్టన్ పైకప్పు లోపలి వైపు గీకకూడదు, మంట వేడంతా దానిమీదే పడుతుంది. ఈ సెట్లతో వచ్చే రింగులను ఒక్కొక్కటిగా బోర్‌లో పెట్టి, పిస్టన్ తలతో 25 మి.మీ. కిందికి నెట్టి, ఫీలర్ గేజ్‌తో రింగ్ కొనల మధ్య గ్యాప్ చూడండి. 0.25 నుంచి 0.35 మి.మీ. రావాలి. గ్యాప్ మూసుకుపోతే కొంచెం ఫైల్ చేయవచ్చు. కానీ 0.4 మి.మీ. ఓవర్‌సైజ్ పిస్టన్‌కు 0.6 మి.మీ. రింగ్ అంటగట్టి ఫైల్ చేసుకోమంటే ఒప్పుకోవద్దు. చుట్టుకొలత 0.63 మి.మీ. ఎక్కువ ఉన్న రింగ్ కొనలు రుద్దినా గోడకు గుండ్రంగా ఆనదు, ఇంజన్ ఆయిల్ తాగుతుంది.

మార్చి వేసే దారిలో అందరి కన్నూ మారుతి 800 మీదే. దాని బోర్ 68.5 మి.మీ., అరిగిన పద్మిని బ్లాకుకు సరిపోతుందనిపిస్తుంది. బోర్ ఒక్కటే కలిస్తే చాలదు. పిన్ మధ్య నుంచి పైకప్పు దాకా ఉండే కంప్రెషన్ హైట్, పిన్ వ్యాసం, బాస్‌ల మధ్య దూరం, స్కర్ట్ పొడవు పాత పిస్టన్ పక్కన పెట్టి కొలవండి. కంప్రెషన్ రేషియో (పిస్టన్ గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో చెప్పే అంకె) 7.5 అనుకుంటే, కంప్రెషన్ హైట్ 2 మి.మీ. తగ్గితే అది సుమారు 6.5కు పడిపోతుంది. ఇంత కష్టపడి పాత బండి కన్నా బద్ధకమైన బండి చేసుకున్నట్టే. హైట్ ఎక్కువైతే లేత్ మీద పైకప్పు దించవచ్చు, కానీ లోపలి నుంచి కొలిచాక కనీసం 6 మి.మీ. మందం మిగలాలి. వాల్వ్‌లకు తగలదని ప్లాస్టిసిన్ ముద్ద పెట్టి ఇంజన్‌ను చేత్తో తిప్పి చూసుకోవాలి. పిన్ సన్నగా ఉంటే కనెక్టింగ్ రాడ్‌కు కొత్త బుష్ వేసి రీమ్ చేయించండి. పిస్టన్‌లోని పిన్ రంధ్రాన్ని పెద్దది చేయించడం మాత్రం వద్దు, బాస్ అక్కడే చీలుతుంది. ఇంకోటి, మారుతిది మూడు సిలిండర్ల ఇంజన్. నాలుగో పిస్టన్ కోసం రెండు సెట్లు కొనాలి, ఆరింటిలో బరువు కుదిరే నాలుగు ఏరుకోవాలి. ఖర్చు కలిసిరాదనేది అక్కడే తేలిపోతుంది.

ఏ సెట్ తీసుకున్నా, పిస్టన్లు చేతికొచ్చాకే బ్లాకును బోరింగ్‌కు ఇవ్వాలి. విజయవాడ ఆటోనగర్ అయినా, మీ ఊరి లేత్ షాపు అయినా, "సైజు చెప్పండి, కొట్టేస్తాం" అంటే కుదరదని చెప్పండి. ఒక్కో పిస్టన్ లోపల మార్కర్‌తో సిలిండర్ నంబరు రాసివ్వండి. 0.05 మి.మీ. తక్కువగా బోర్ చేసి, మిగతాది హోనింగ్‌తో, అంటే సన్నని రాయితో రుద్ది, తీయాలి. గోడ మీద ఒకదాన్నొకటి దాటుకునే గీతలు 45 డిగ్రీల దగ్గర కనిపించాలి. క్లియరెన్స్ పిస్టన్ తయారీదారు చెప్పినంతే ఉంచాలి. కాగితం లేకపోతే ఈ సైజు పోత పిస్టన్‌కు 0.04 నుంచి 0.06 మి.మీ. 0.10 దాటితే చల్లటి ఇంజన్‌లో స్కర్ట్ గోడకు కొట్టుకుని కటకటమంటుంది.

హోనింగ్ రాయి పొడి పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో కడిగితే పోదు. వేడినీళ్లు, సబ్బు, బ్రష్‌తో రుద్ది, తెల్లటి గుడ్డతో తుడిస్తే మరక రాకూడదు. ఆరిన వెంటనే ఆయిల్ పూయాలి, లేకపోతే గంటలోనే తుప్పు మొదలవుతుంది. హెడ్ గాస్కెట్‌ను బిగించే ముందు బ్లాకు మీద పెట్టి చూడండి. గాస్కెట్ రంధ్రం అంచు ఏ సిలిండర్‌లోకైనా తొంగిచూస్తుంటే ఆ గాస్కెట్ వాడకూడదు. మంటకు ఆ అంచు ఎర్రగా కాలి, తర్వాత ఊడి పిస్టన్ మీద పడుతుంది.