పది నిమిషాల్లో వార్తలు ముగించే రేడియో: చాలాకాలం వాడాక నా మాట

ఈ ట్రాన్సిస్టర్‌లో ఎఫ్ఎం ఎలా వినిపిస్తుందని నన్ను అడగకండి. అది ఫోన్లోనూ వస్తుంది, కార్లోనూ వస్తుంది. నాకు నచ్చింది పక్కనున్న చిన్న మీటని ఎండబ్ల్యూ వైపు జరిపితే వచ్చే మీడియం వేవ్. అక్కడ పొద్దున్న 6.45కి ప్రాంతీయ వార్తలు మొదలవుతాయి, పది నిమిషాల్లో అయిపోతాయి. ఆ అయిపోవడం ఉంది చూశారూ, దానికోసమే ఈ డబ్బా మా ఇంట్లో ఇన్నాళ్లు నిలిచింది. ఫోన్లో వార్తలకు అంతు ఉండదు. ఒకటి చదివితే కింద నాలుగు వేలాడుతుంటాయి. మా ఆయన ఒక మూల ఒకటి చదివి కంగారు పడతారు, నేను ఇంకో మూల ఇంకోటి చదివి చిరాకు పడతాను, భోజనాల దగ్గర ఇద్దరం రెండు వేరే దేశాల్లో బతుకుతున్నట్టు మాట్లాడుకుంటాం. రేడియో అయితే ఇద్దరం ఒకేసారి ఒకే మాట వింటాం. తగువు పడినా ఒకే విషయం మీద పడతాం.

దీని అసలు సంగతి తెలిసింది కిందటేడు ఆగస్టు సెలవుల్లో. 2025లో పంద్రాగస్టు శుక్రవారం వచ్చింది, వెనకే శని, ఆదివారాలు. పిల్లలు ఎవరి ఊళ్లలో వాళ్లున్నారు. ఇద్దరమే మారేడుమిల్లి వెళ్లాం. భీమవరం ఎండా ఉక్కా వదిలి రంపచోడవరం దాటగానే మనిషికి ప్రాణం లేచొస్తుంది. మేం దిగిన చోట ఫోన్ సిగ్నల్ గేటు దగ్గర ఒక గీత, గదిలోకి వస్తే అదీ లేదు. మా ఆయనకి టెన్షన్ మొదలైంది. ఎందుకంటే అప్పటికి అమెరికా సుంకాల గొడవ నడుస్తోంది. మన సరుకు మీద ఆగస్టు 7 నుంచి 25 శాతం పడింది, 27 నుంచి మొత్తం 50 శాతం అన్నారు. మా తమ్ముడికి ఉండి దగ్గర రొయ్యల చెరువులున్నాయి. రొయ్యలు పట్టే రోజు దగ్గర పడుతోంది. వాడు పెంచే వనామి రకం రొయ్య ఎక్కువగా పోయేది అమెరికాకే కాబట్టి అక్కడ ఒక మాట అంటే ఇక్కడ చెరువు గట్టు మీద కౌంటు ధర (కిలోకి ఎన్ని తూగుతాయో దాన్నిబట్టి కట్టే ధర) కదులుతుంది. "బావమరిది ఏం చేస్తున్నాడో" అని గేటుకీ గదికీ తిరుగుతుంటే, "ఏవండీ, ఆ సంచిలో రేడియో ఉంది" అన్నాను.

తీసి పెడితే గుయ్‌మని ఒకటే రొద. ముల్లు ఈ చివర్నించి ఆ చివరికి తిప్పినా అదే. ఎఫ్ఎం సరేసరి, కొండల అవతల ఆగిపోతుంది. కానీ మీడియం వేవ్ నేలను పట్టుకుని దూరం వస్తుంది కదా, విజయవాడ స్టేషన్ 837 కిలోహెర్ట్జ్, విశాఖపట్నం 927, ఏదో ఒకటి పలకాలి. మా ఆయన యాంటెన్నా పూర్తిగా లాగి కిటికీలోంచి బయట పెట్టారు. దానికీ మీడియం వేవ్‌కీ సంబంధం లేదు, ఆ గొట్టం ఎఫ్ఎంకే. చెబితే వినరు. రేడియోని మంచం మీద, తలుపు మీద, చివరికి నీళ్ల కూజా మీద కూడా పెట్టి చూశారు. "నీ రేడియో చచ్చింది" అని తీర్పు కూడా ఇచ్చేశారు.

చీకటి పడే వేళకి జోరున వాన, వెంటనే కరెంటు పోయింది. గది చీకటైన మరుక్షణం రొద మొత్తం కోసేసినట్టు ఆగి, ఎవరో పక్క గదిలో ఉన్నంత స్పష్టంగా తెలుగు వినిపించింది. ఇద్దరం కాసేపు నోరు తెరుచుకుని కూర్చున్నాం. రేడియో చావలేదు, దాన్ని నొక్కేస్తున్నది తలమీద ఎల్ఈడీ బల్బు, గోడకి గుచ్చిన ఫోన్ చార్జరు. వాటిలో ఉండే చిన్న సర్క్యూట్లు విడుదల చేసే రొద సరిగ్గా మీడియం వేవ్ మీదే పడుతుంది. కరెంటు వచ్చాక మళ్లీ గుయ్‌మంది, చార్జర్ పీకి బల్బు ఆర్పితే మళ్లీ పలికింది. ఇంకో సంగతీ అప్పుడే గమనించాం: రేడియోని ఉన్నచోటే పావుచుట్టు తిప్పితే గొంతు పెరుగుతుంది, తగ్గుతుంది. లోపల రాగి తీగ చుట్టిన నల్లటి ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది, దాని కొన స్టేషన్ వైపు ఉంటే సరిగా అందుకోదు, అడ్డంగా ఉంటే అందుకుంటుంది. కొన్నప్పుడు ఇచ్చిన కాగితంలో ఈ ముక్క ఒక్కటీ లేదు.

ఆ మూడు రోజులూ పొద్దున్నే దీపం ఆర్పేసి, టీ గ్లాసులు పట్టుకుని వార్తలు విన్నాం. ఎర్రకోట మీద ప్రధాని ప్రసంగం ఆసారి 103 నిమిషాలు సాగింది. వార్తల్లో అది నాలుగైదు వాక్యాలకు దిగింది: దీపావళికల్లా జీఎస్టీ తగ్గిస్తామన్నారని. సెప్టెంబరు 22 నుంచి నిజంగానే కొత్త శ్లాబులు వచ్చాయి లెండి. ఆ నాలుగు వాక్యాలు చాలు నాకు. దాని మీద చర్చలు పెట్టి రాత్రంతా అరిచినా అంతకంటే తెలిసేది లేదు. సుంకాల వార్త మారలేదు, మారలేదని తెలిసిపోయాక మా ఆయన కూడా ఊరుకున్నారు. రోజుకి ఒకసారి తెలిస్తే చాలే విషయాన్ని గంటకోసారి తడుముకోవడం వల్ల తమ్ముడి చెరువులో రొయ్య ఒక గ్రాము పెరగదు కదా.

అక్కడ వంట చేసే ఆవిడ ఆడవాళ్లకి ఉచిత బస్సు వార్త విని గుమ్మంలో ఆగింది. రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం ఆ పంద్రాగస్టుకే మొదలైంది. "మా ఊరి బస్సుకీ ఉంటదా అమ్మా?" అంది. పల్లెవెలుగు అనే మాట మేం ఇద్దరం విన్నాం, ఎక్స్‌ప్రెస్ కూడా అన్నారని నేను, లేదని మా ఆయన. ఇక్కడే ఈ రేడియో గొప్ప కొంచెం తగ్గుతుంది. ఒకసారి చెప్పింది మళ్లీ వినిపించదు. చివరికి గేటు దగ్గరికి వెళ్లి, ఆ ఒక్క గీత సిగ్నల్‌తో ఫోన్లోనే చూసి చెప్పాను: పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్. ఆవిడ వెళ్లేది పల్లెవెలుగులోనే. రంపచోడవరం సంతకి పోను రాను చార్జీ మిగిలిందని ఆవిడ లెక్క కట్టుకుంది. మేం కట్టే పన్నులతో ఉచితాలా అని మా ఆయన మొదలుపెట్టబోయి, ఆవిడ పెట్టిన బొంగు చికెన్ ముందుండేసరికి ఆపేశారు.

ఇప్పుడు మిగతా లోపాలు. సెల్లులు నెలల తరబడి వస్తాయని మొదట్లో అందరికీ చెప్పాను. వస్తాయి, తక్కువ గొంతుతో వింటే. వాడకుండా లోపలే వదిలేస్తే మా భీమవరం చెమ్మకి జిడ్డు కారి స్ప్రింగు పచ్చగా తుప్పు పడుతుంది, ఉప్పుకాగితంతో గీకాలి. వాల్యూం మీట తిప్పితే గరగరమంటోంది, అటూ ఇటూ పదిసార్లు తిప్పితే కొన్నాళ్లు సర్దుకుంటుంది. ముల్లు చూపించే అంకెని నమ్మడానికి లేదు, మా దాంట్లో 837 ఇంచుమించు 850 దగ్గర పలుకుతుంది. రాత్రి పూట దూరపు స్టేషన్లు వచ్చి మీద పడతాయి. నాకు అది సరదా, చెన్నై 720 పట్టుకుని అర్థం కాకపోయినా తమిళం వింటాను. మా ఆయనకి ఒళ్లు మంట.

మంచిదా అంటే, మాకు మంచిదే. మాది డాబా ఇల్లు, పెరట్లో వేప చెట్టు కింద పెడితే రొద ఉండదు, పొద్దున్నే లేచే అలవాటుంది, చూసి కంగారు పడే వార్త ఎప్పుడూ ఒకటి ఉంటుంది. హైదరాబాద్‌లో ఎనిమిదో అంతస్తులో ఉండే మా అమ్మాయికి ఇలాంటిదే ఇచ్చాను. లిఫ్టు, ఇన్వర్టర్లు, వైఫై డబ్బాల మధ్య అక్కడ 738 హైదరాబాద్ కూడా ముక్కుతూ మూలుగుతూ వస్తుంది. తను ఆకాశవాణి వాళ్ల యాప్‌లో వింటుంది, సిగ్నల్ ఉన్నచోట అదే సుఖం.

కొనేవాళ్లకి ఒక్క మాట. షాపులో ఎఫ్ఎం పెట్టి పాట వినిపించి చేతిలో పెడతారు, దాన్నిబట్టి తేల్చుకోకండి. వెనక్కి తీసుకుంటారో లేదో ముందే అడిగి, ఇంటికి తెచ్చి, దీపాలార్పి, పగటిపూట మీ దగ్గరి మీడియం వేవ్ స్టేషన్ వస్తుందో లేదో చూడండి. రాత్రి పెట్టి చూస్తే లాభం లేదు, అప్పుడు అన్నీ వస్తాయి.