బరువు తగ్గించే రెండో (బేరియాట్రిక్) ఆపరేషన్‌కి ముందు రామ్‌నగర్ క్లినిక్‌లో చూపించుకున్నాను

విశాఖ గాజువాకలో నాకు టైలరింగ్ షాపు ఉంది. కొలతలు రాసుకునే నోటుపుస్తకంలో చివరి పేజీ నాది. 2017లో పొట్టని కోసి సన్నటి గొట్టంలా చేసే స్లీవ్ ఆపరేషన్‌కి ముందు 112 కిలోలు, ఏడాదిన్నర తర్వాత 71, ఇప్పుడు 94. ఎత్తు 158 సెంటీమీటర్లు. నా జాకెట్లు నేనే లోపలికి కుట్టుకున్నాను, ఆ కుట్లే మళ్ళీ ఒక్కొక్కటిగా విప్పుకున్నాను.

బరువు ఒక్కటే అయితే ఓర్చుకునేదాన్ని. పడుకుంటే చాలు, పుల్లటి నీళ్ళు గొంతులోకి తన్నుకొస్తాయి. మూడు తలగడలు ఎత్తు పెట్టుకుని, దాదాపు కూర్చునే నిద్రపోతున్నాను. మొదట ఆపరేషన్ చేసినచోటికి రెండుసార్లు వెళ్తే, "తిండి అదుపులో పెట్టుకోండి" అని గ్యాస్ బిళ్ళలు రాసి పంపేశారు. ఇంకోచోట పది నిమిషాల్లో ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టి, "వచ్చే బుధవారం మినీ బైపాస్ చేసేద్దాం" అన్నారు. అంటే పొట్టని పేగు కిందిభాగానికి కలిపే ఇంకో ఆపరేషన్. లోపల ఏముందో ఎండోస్కోపీ చేసి చూద్దామన్న మాటే లేదు. ఆ రోజు ఆటోలో మావారు ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆ తర్వాత తెలిసినవాళ్ళు చెబితే రామ్‌నగర్‌లోని ఈ చిన్న క్లినిక్‌కి వెళ్ళాం. ముందు లోటు చెబుతాను. సాయంత్రం ఐదుకి అపాయింట్‌మెంట్ ఇచ్చి 7:40కి పిలిచారు. ఏ పరీక్షా అక్కడ చెయ్యరు, బేరియం ఒకచోట, స్లీప్ టెస్ట్ ఇంకోచోట. గాజువాక నుంచి నాలుగుసార్లు తిరిగాను, తిరిగిన ప్రతిసారీ షాపు మూశాను. కుర్చీలకు మాత్రం చేతులు లేవు, వెడల్పుగా ఉన్నాయి. ఒళ్ళున్నవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది.

డాక్టరుగారు నా పాత డిశ్చార్జ్ సమ్మరీ రెండుసార్లు చదివారు. అందులో '36 ఫ్రెంచ్ బూజీ' అని ఉన్నచోట పెన్నుతో గీత పెట్టి, బూజీ అంటే కొలత గొట్టమట, పొట్టని ఎంత లావున మిగల్చాలో అంత లావుదాన్ని లోపల పెట్టి కోస్తారని చెప్పారు. స్లీవ్‌లో పొట్ట ముప్పావు వంతు దాకా కోసి తీసేస్తారు, తీసిందాన్ని మళ్ళీ పెట్టలేరు. మిగిలిన సన్నటి గొట్టంలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి కొందరికి యాసిడ్ పైకి తంతుంది. ఎనిమిదేళ్ళలో ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు.

బేరియం పరీక్ష మాత్రం మర్చిపోలేను. మిషను ముందు నిలబెట్టి, సుద్ద కలిపినట్టుండే తెల్లటి మందు గుటకలుగా తాగమన్నారు. తెరమీద ఆ తెలుపు గొంతులోంచి దిగి, పొట్ట నడుమ దారం బిగించి కట్టినట్టున్నచోట ఆగిపోయింది. దాని పైభాగం బుడగలా ఉబ్బింది. పడుకోబెట్టి పక్కకి తిప్పగానే, తెలుపంతా వెనక్కి గుండెదాకా ఎక్కింది. "అమ్మా, కదలకండి" అంటున్నాడు ఆ అబ్బాయి. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. రోజూ రాత్రి నేను పడే బాధ తెరమీద నా కళ్ళెదుట కదులుతోంది.

ఎండోస్కోపీలో హయాటస్ హెర్నియా (పొట్ట పైభాగం ఛాతీలోకి జారడం), అన్నవాహికలో యాసిడ్ వల్ల గ్రేడ్ బి (నాలుగు గ్రేడుల్లో రెండోది) పుండ్లు బయటపడ్డాయి. డైటీషియన్ అమ్మాయి మూడు రోజుల తిండి రాయించి, దానిమీదే ముప్పావుగంట కూర్చుంది. పొట్ట నడుమ ఉన్న ఇరుకు వల్ల మాంసం, చపాతీ నాకు అడ్డం పడేవి. అందుకని తెలియకుండానే మెత్తగా జారేవాటికి అలవాటుపడ్డాను: ఉప్మా, టీలో ముంచిన బిస్కట్లు, ఐస్‌క్రీమ్. కుట్టుమిషను పక్కన బిస్కట్ ప్యాకెట్ ఉంటుందని ఒప్పుకున్నాను. ఆ అమ్మాయి తిట్టలేదు. చేప, గుడ్డు, పెరుగు లెక్కగట్టి రోజుకి 60 గ్రాములు తగ్గకుండా ప్రొటీన్ రాసిచ్చింది.

బరువు తగ్గించే మౌంజారో ఇంజెక్షన్ మన దేశంలోకి 2025 మార్చిలో వచ్చింది కదా, దాంతో సరిపోదా అని అడిగాను. బరువుకైతే ఆలోచించవచ్చట. ఇరుకునీ హెర్నియానీ ఇంజెక్షన్ సరిచెయ్యదు, పైగా అది పొట్ట ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తుంది. మినీ బైపాస్‌లో పైత్యరసం పైకి వచ్చే అవకాశం ఉంది కాబట్టి నాకు రూ-ఎన్-వై బైపాస్ (పైత్యరసం పొట్టలోకి రాకుండా పేగుని వై ఆకారంలో కలిపేది), దాంతోపాటు హెర్నియా మరమ్మతు మంచిదన్నారు. తీపి మాటలూ చెప్పారు, చేదు మాటలూ దాచలేదు. మొదటిసారి తగ్గినంత ఈసారి తగ్గకపోవచ్చు. పాత కుట్లచోట లోపలి భాగాలు అతుక్కుని ఉంటాయి, లీకయ్యే ప్రమాదం మొదటిదానికంటే ఎక్కువ. బీ12, ఐరన్, కాల్షియం జీవితాంతం వాడాలి, ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి. మోకాళ్ళకి వాడుతున్న నొప్పి బిళ్ళలు మానెయ్యాలి, బైపాస్ అయ్యాక అవి అతుకు దగ్గర పుండు చేస్తాయి. కుట్టి విప్పిన గుడ్డమీద మళ్ళీ కుట్టడం ఎంత కష్టమో నాకు వేరే చెప్పక్కర్లేదు, ఆ మాటలు విన్న రాత్రి నిజంగా భయపడ్డాను. అయినా భయపెట్టి డబ్బు కట్టించుకోవాలన్న తొందర ఆయన గొంతులో లేదు. "సంక్రాంతి పని అయ్యాకే రండమ్మా" అన్నారు.

ఖర్చు అంచనా కాగితంమీద రాసిచ్చారు. ఇన్సూరెన్స్ ఇంకా తేలలేదు. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) 40 అయినా ఉండాలి, లేదా 35 ఉండి తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోవడం), అదుపులో లేని షుగరు, గుండెజబ్బు లాంటిదైనా ఉండాలి. నాది 37 దాటింది, కానీ గొంతులోకి వచ్చే యాసిడ్ ఆ జాబితాలో లేదు. స్లీప్ టెస్ట్‌లో గంటకి 34సార్లు ఊపిరికి అడ్డం పడుతోందని వచ్చింది, అది తీవ్రమైనదాని కిందికే వస్తుంది, ఇప్పుడు ఆ రిపోర్టే నాకు ఆధారం.

ఇక్కడికి వెళ్ళేవాళ్ళు పాత డిశ్చార్జ్ సమ్మరీ తప్పకుండా పట్టుకెళ్ళండి. పోయి ఉంటే ఆపరేషన్ చేసినచోట ఈరోజే రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని నియమం ఉంది, కానీ రికార్డులు దాచాల్సింది మూడేళ్ళే. నా కాగితం మా అత్తగారి ట్రంకుపెట్టెలో, పట్టుచీరల కింద దొరికింది.