కోటింగ్ బోల్టుకి నూనె అక్కర్లేదంటారు, నమ్మబాకండి

మా ఇంట్లో ఉండే రైఫిళ్ళు రెండు. మా నాయన వాడిన ఇషాపూర్ .315 ఒకటి, రేంజిలో కాల్చుకునే .22 బోల్ట్ యాక్షన్ ఒకటి, రెండూ లైసెన్సువే (2019లో చట్టం మార్చినాక ఎట్టాగూ రెండుకి మించి కుదర్దు). బోల్టంటే తూటాని లోపలికి తోసి వెనక నుంచి మూసే ఉక్కు కడ్డీ. .315 బోల్టుకి మామూలు బ్లూయింగ్ (ఉక్కుని నల్లగా చేసే పల్చటి పూత), .22 బోల్టుకి డీఎల్‌సీ (వజ్రం మాదిరి గట్టి కార్బన్ పూత) అని నల్ల కోటింగ్. ఏళ్ళ తరబడి పక్కపక్కనే వాడతన్నా గాబట్టి రాస్తన్నా.

క్లీనింగ్ విషయంలో కోటింగ్‌కి వంక పెట్టేదే లేదు. .22 తూటాల సీసం మీద మైనం పూత ఉంటది గదా, ఆ మైనం, సీసం, మందు మసి అన్నీ కలిసి బోల్టు ముఖం మీద జిగటగా పేరుకుంటాయి, పొడిగుడ్డ పెట్టి తుడిస్తే పెనం మీద దోసె లేచినట్టు లేచొచ్చేస్తది. ఒక్క ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద సందులో మాత్రం గుడ్డ దూరదు, ఆడ టూత్‌పిక్‌తో గీకాల్సిందే, లేదంటే కొన్నాళ్ళకి ఖాళీ కేసుని (పేలినాక మిగిలే తూటా తొడుగుని) సరిగ్గా లాగదు. వైరు బ్రష్ మాత్రం వాడబాకండి, ఆ కోటింగ్ ఉండేదే కొద్ది మైక్రాన్ల మందం. మీది నికెల్ రకం కోటింగ్ అయితే అమ్మోనియా ఉండే రాగి సాల్వెంట్ (గొట్టంలో అంటుకున్న రాగిని కరిగించే మందు) దాని దగ్గరికి రానీబాకండి, నికెల్‌ని తినేస్తది.

ఇంక తుప్పు. మాది ఇందుకూరుపేట పక్క, చుట్టూ రొయ్యల గుంటలు, ఉప్పుగాలి, తలుపు గొళ్ళేలే నిలవవు. 2024 ఎన్నికల కోడ్ రాంగానే అందరిలాగే రెండూ డిపాజిట్ చేసి, జూన్‌లో కౌంటింగ్ అయినాక తెచ్చుకున్నా. రెండిటికీ పైపైన ఒకే నూనె తుడిచి ఇచ్చినా. వచ్చినాక చూస్తే .315 బోల్టు పిడి మీద ఎర్ర చుక్కలు, .22 బోల్టు బాడీ మాత్రం కొత్తదాని మాదిరే ఉంది, బో సంతోషపడి ఊడదీస్తే లోపల ఎక్స్‌ట్రాక్టరు, దాని స్ప్రింగు, ఫైరింగ్ పిన్ను (తూటాని గుద్ది పేల్చే సూది) తోక, మూడిటికీ తుప్పే. ఏందంటే కోటింగ్ వేసింది బాడీకి ఒక్కదానికే, చిన్న సామాన్లన్నీ మామూలు ఉక్కే! అమ్మేటప్పుడు ఇది ఎవురూ చెప్పరు.

అందుకని ఇప్పుడు నేను చేసేది ఇది. ముందు మ్యాగజైన్ తీసి, చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీనా కాదా అని కంటితో చూసి, వేలు పెట్టి కూడా చూసినాకే బోల్టు తీస్తా. లాకింగ్ లగ్గుల (బోల్టుని బిగించి పట్టే బొడిపెల) వెనక, అంటే బరువు ఆనే వైపు, ఇంకా కాకింగ్ క్యామ్ (బోల్టు తిప్పేటప్పుడు ఫైరింగ్ పిన్నుని వెనక్కి లాగే వాలు) మీద గ్రీజు, బియ్యపుగింజంత చాలు. ఆ రెండు చోట్లా లోహం మీద లోహం గట్టిగా ఒత్తుకుని జారతది, కోటింగ్ ఉన్నా సరే పొడిగా ఉంటే గీరుకుంటది. బాడీకి నూనె తడి గుడ్డతో ఒక్క తుడుపు, అంతకంటే ఎక్కువైతే మసిని పట్టుకుని పేస్టు అయిపోద్ది. ఎక్స్‌ట్రాక్టరుకీ స్ప్రింగుకీ ఒక్కో చుక్క. ఫైరింగ్ పిన్నుకి నూనె పూసి మళ్ళీ తుడిచేస్తా, ఆడ గ్రీజు పెడితే పిన్ను నెమ్మదించి దెబ్బ సరిగ్గా పడదు. తెలిసిన ఒకాయన కొబ్బరినూనె పోసేవాడు, డిసెంబరు చలికి అది పేరుకుని తూటాకి గాటు పడద్ది గానీ పేలదు. కుట్టుమిషన్ నూనె పర్లేదు, కాకపోతే పల్చన, కత్తిరి ఎండలకి కిందకి జారిపోద్ది, నెలకోసారి మళ్ళీ తుడవాలి. కాల్చబోయే ముందు చాంబర్నీ బోల్టు ముఖాన్నీ పొడిగా తుడవాలి, చాంబర్లో నూనె ఉంటే కేసు గోడకి పట్టుకోకుండా బరువంతా బోల్టు మీదకే వస్తది.

తోలు కవర్లో పెట్టి బీరువాలో దాచేవాళ్ళు ఆ కవర్ తీసేయండి, తేమంతా దాంట్లోనే ఉంటది.

మా .315 బోల్టుకి కూడా కోటింగ్ కొట్టిద్దామా అని మా తమ్ముడు అడగతా ఉన్నాడు. వద్దన్నా. లైసెన్సు లేని ప్లేటింగ్ షాపోడి చేతికి తుపాకీ సామాను ఇవ్వకూడదు, పైగా లగ్గుల కాడ మందం మారితే హెడ్‌స్పేస్ (మూసిన బోల్టుకీ చాంబర్లో తూటా ఆనే చోటుకీ మధ్య ఉండే కొలత) తేడా కొడతది. దానికి నూనె గుడ్డే.