ఇటాలియన్‌లో బండ్ల పేర్లు, వాటి ముందు ఆర్టికల్స్: ఏ పద్ధతి మేలు?

రైలు వచ్చింది, లారీ వచ్చింది, పడవ వచ్చింది. తెలుగులో ఏ బండికైనా క్రియ ఒక్కటే, ముందు ఆర్టికల్ (ఇంగ్లిష్ ‘ది’ లాంటి మాట) లేదు. ఇటాలియన్‌లో రైలు పుంలింగం (ఇల్ త్రేనో), పడవ స్త్రీలింగం (లా బార్కా). ఇందులో మన చెవి మనకేమీ సాయం చేయదు కాబట్టి నేర్చుకునే పద్ధతిని ముందే ఎంచుకోవాలి. వాడుకలో ఉన్నవి నాలుగు: పదం చివరి అక్షరాన్ని బట్టి లింగం పట్టడం, ఏకవచన ఆర్టికల్‌తో కలిపి బట్టీ పట్టడం, బహువచన ఆర్టికల్‌తో బట్టీ పట్టడం, వాక్యాల్లోనే నేర్చుకోవడం.

అన్నిటికన్నా తేలిగ్గా కనిపించేది మొదటిది. ఓ చివర ఉంటే పుంలింగం, ఆ చివర ఉంటే స్త్రీలింగం, హల్లుతో ముగిసే అరువు పదమైతే పుంలింగం. రోజూ పనికొచ్చే 23 పదాలు తీసుకుని చూద్దాం. త్రేనో, అయేరెయో (విమానం), త్రగెత్తో (బండ్లను కూడా దాటించే పెద్ద పడవ), మొతొరీనో (మోపెడ్), ఎలికొత్తెరో, వెనిస్ కాలువల్లో సిటీ బస్సులా తిరిగే వపొరెత్తో: ఈ ఆరూ సూత్రానికి లొంగుతాయి. మాక్కినా (కారు), బిచిక్లెత్తా, మెత్రోపొలితానా, బార్కా, ఊళ్ల మధ్య తిరిగే కొర్రియేరా: ఈ అయిదూ అంతే. ఔతోబుస్, త్రామ్, పుల్మన్ (దూర ప్రయాణపు బస్సు), కామ్యొన్ (లారీ), స్కూతెర్ హల్లుతో ముగుస్తాయి, పుంలింగమే. మొత్తం 16.

మిగిలిన ఏడింటితోనే తంటా. మోతో, ఔతో, మేత్రో ఓ చివర ఉన్నా స్త్రీలింగాలు. ఎందుకంటే ఇవి మొతొచిక్లెత్తా, ఔతొమోబిలె, మెత్రోపొలితానా అనే పదాలకు తోక కోసిన రూపాలు. తోక పోయింది గానీ లింగం పోలేదు. తాక్సీ పుంలింగం, బీచి (సైకిలు) స్త్రీలింగం, రెండూ ఇ చివరే. ఎ తో ముగిసే నావె (ఓడ), ఔతొమోబిలె విషయంలో సూత్రం అసలేమీ చెప్పదు. నావె మాత్రం మనకు సులువు. అది మన నావకు చుట్టమే, సంస్కృతంలో నౌ శబ్దం కూడా స్త్రీలింగమే. ఔతొమోబిలె లింగం మీద ఇటలీవాళ్లకే ఒకప్పుడు తర్జనభర్జన ఉండేది. కవి ద'అన్నున్‌జియో 1920లో ఫియట్ స్థాపకుల్లో ఒకరైన జొవాన్ని అన్యెల్లికి రాసిన ఉత్తరంలో అది స్త్రీలింగమే అని తేల్చాడు. సూత్రం తప్పేది అరుదైన మాటల దగ్గరైతే సరిపెట్టుకోవచ్చు. కానీ అది తప్పేది కారు, బైకు, మెట్రోల దగ్గర. పైగా ఇల్ మేత్రో అంటే మెట్రో కాదు, మీటరు కొలత.

ఇక రెండో పద్ధతి, లా మోతో, ఇల్ త్రేనో అని జంటగా బట్టీ పట్టడం. హల్లుతో మొదలయ్యే పదాలకు దీన్ని మించింది లేదు. అచ్చుతో మొదలైతే మాత్రం చేతులెత్తేస్తుంది. రాముడు + అతడు కలిసి రాముడతడు అయినట్టే లో (పుంలింగ ఆర్టికల్‌కు ఇంకో రూపం) + ఔతోబుస్ లౌతోబుస్ అవుతుంది, లా + ఔతో లౌతో అవుతుంది. సంధిలో అచ్చుతో పాటు లింగం కూడా మాయం. లౌతో అని వందసార్లు వల్లించినా అది ఆడో మగో తెలియదు. ‘ఒక’ అనే అర్థమిచ్చే ఉన్, ఉనా పెట్టి నేర్చుకోమంటారు కొందరు. రాతలో తేడా కనిపిస్తుంది, స్త్రీలింగానికి కామా లాంటి గుర్తు పడుతుంది. నోటితో అంటే రెండూ ఒకటే.

అక్కడ మూడో పద్ధతి గెలుస్తుంది. ల్యి ఔతోబుస్, లే ఔతో, ల్యి అయేరెయి, ల్యి ఎలికొత్తెరి. ల్యి అంటే పుంలింగం, లే అంటే స్త్రీలింగం, చెవికే తెలిసిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఔతోబుస్, ఔతో, మోతో, తాక్సీ లాంటివి బహువచనంలో రూపం మారవు, కాబట్టి ఒకటా పదా అని చెప్పేది ఆర్టికల్ ఒక్కటే: ఇల్ తాక్సీ ఒకటి, ఇ తాక్సీ చాలా. బహువచనం నోరు తిరగకపోతే రంగు తగిలించండి: ఔతోబుస్ రొస్సో (ఎర్ర బస్సు), ఔతో రొస్సా (ఎర్ర కారు). అదీ పని చేస్తుంది.

నాలుగో పద్ధతి వాక్యాలు. మాట్లాడటానికి ఇదే మంచిదని చాలామంది అంటారు గానీ, ఏ వాక్యం అన్నది చూసుకోవాలి. ‘రైల్లో వెళ్తాను’ అనడానికి వాదో ఇన్ త్రేనో అంటారు. ఇన్ మాక్కినా, ఇన్ బీచి, ఇన్ అయేరెయో, వేటికీ ఆర్టికల్ లేదు. ఈ మూసలో నూరు వాక్యాలు నేర్చినా లింగం ఒక్కసారీ కనిపించదు. ‘ఎక్కుతాను’ అనే అర్థంలో వాడే ప్రెందోతో కట్టండి: ప్రెందో ఇల్ త్రేనో, ప్రెందో లా మేత్రో. తర్వాత ఎక్కడం, దిగడం: సుల్ త్రేనో (రైలు మీదికి), సుల్లా మేత్రో, సుల్లౌతోబుస్; దాల్ త్రేనో (రైలు నుంచి), దాల్లా మేత్రో, దాల్లౌతోబుస్. స్టేషన్లలో ‘పసుపు గీతకు దూరంగా జరగండి’ అనే ప్రకటనలో వినిపించే దాల్లా లీనెయా జాల్లాలో ఉన్నదీ ఈ దాల్లాయే.

నా మొగ్గు ఇటు: లింగం బట్టీ పట్టాలి, ఆర్టికల్ రూపం మాత్రం సూత్రంతో కట్టాలి. ఎందుకంటే రూపాన్ని నిర్ణయించేది బండి పేరు కాదు, ఆర్టికల్ పక్కనే వినిపించే శబ్దం. పుంలింగంలో మామూలు హల్లు ముందు ఇల్, అచ్చు ముందు ల్, స పక్కన మరో హల్లున్నా, జెడ్ (z) అక్షరమున్నా లో. అందుకే లో స్కూతెర్ (ఈ ‘లో’కు మన ‘లోపల’తో సంబంధం లేదు, మొదట్లో అందరూ తికమక పడతారు). నడుమ పాత అనే విశేషణం దూరితే ఇల్ వెక్కియో స్కూతెర్. లో స్కూతెర్ అన్నదాన్ని ఒకే ముద్దగా మింగినవాళ్లు సరిగ్గా ఇక్కడ లో వెక్కియో అనేస్తారు.

కాబట్టి చీటీకి ఒకవైపు తెలుగు మాట, రెండోవైపు హల్లు మాటైతే ఏకవచనం, అచ్చు మాటైతే బహువచనం రాసుకోండి. ప్రెందో వాక్యం ఒకటి దాని కిందే. తెలుగు వైపు ‘ఆటో’ అని మాత్రం రాయకండి, అక్కడ ఔతో అంటే కారు. ట కూడా పనికిరాదు, ఇటాలియన్ త మన త లాగే పళ్లకు తగలాలి. మాట చివర హల్లుంటే ఉకారం చేర్చడం మన అలవాటు, ఔతోబుస్సు అనకుండా చూసుకోండి.

బ్రాండు పేర్లకు సూత్రం వెతకక్కర్లేదు, బండి జాతి లింగమే వస్తుంది. కార్లన్నీ మాక్కినా కాబట్టి లా ఫియట్, లా ఫెరారీ. ఫ్రెచ్చా అంటే బాణం, స్త్రీలింగం. అయినా ఆ పేరున్న వేగపు రైలు ఇల్ ఫ్రెచ్చారొస్సా, ఎందుకంటే అది త్రేనో. స్కూతెర్ పుంలింగమైనా లా వెస్పా మాత్రం స్త్రీలింగం, వెస్పా అంటే కందిరీగ మరి. మన ఊళ్లలో తిరిగే ఆపే ఆటో ఉంది చూశారా, ఆ పేరు కూడా వెస్పా తయారుచేసే పియాజ్జో కంపెనీ వాళ్లదే. ఆపె అంటే తేనెటీగ, స్త్రీలింగం: ఒకటైతే లాపె, స్టాండులో నాలుగుంటే లే ఆపె.