వూకామర్స్‌లో చిన్న మార్పు: ఆ కోడ్ ఎక్కడ పెడితే మేలు?

వర్డ్‌ప్రెస్ సైటును ఆన్‌లైన్ షాపుగా మార్చే ప్లగిన్ (అదనపు పనులు చేర్చే సాఫ్ట్‌వేర్) వూకామర్స్. దాంతో పచ్చళ్ళు అమ్మే సైటులో ‘యాడ్ టు కార్ట్’ బటన్ మీద ‘బుట్టలో వెయ్యండి’ అని రావాలి. అందుకు కావాల్సిన కోడ్ పది లైన్లు దాటదు. పెట్టడానికి మాత్రం ఐదు చోట్లున్నాయి: వూకామర్స్ ఫైల్లోనే, చైల్డ్ థీమ్ (అసలు థీమ్ మీద మన మార్పులు ఉంచే పొర) ఫంక్షన్స్ ఫైల్లో, కోడ్ స్నిప్పెట్స్ లాంటి, చిన్న కోడ్ తునకలు దాచే ప్లగిన్‌లో, సొంతంగా రాసుకున్న బుల్లి ప్లగిన్‌లో, మస్ట్-యూజ్ ఫోల్డర్లో (ఎప్పుడూ నడవాల్సిన ప్లగిన్ల చోటు). ఎక్కడ పెట్టినా ఇవాళ బటన్ మారుతుంది. తేడా తెలిసేది ప్లగిన్ అప్‌డేట్ అయిన రోజు, థీమ్ మార్చిన రోజు, సైటు తెల్లకాగితంలా మారిన రోజు. ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఆ మూడు రోజుల్నే.

మొదటిదాన్ని, అంటే వూకామర్స్ ఫైల్లోనే దిద్దడాన్ని, పోటీలోంచి ఇప్పుడే తీసేద్దాం. వర్డ్‌ప్రెస్‌లో ప్లగిన్ అప్‌డేట్ అంటే పాత ఫోల్డరును చెరిపేసి కొత్తది పెట్టడమే. మీరు దిద్దిన లైను దాంతోపాటే పోతుంది. వర్డ్‌ప్రెస్ 5.5 వెర్షన్ (2020) నుంచి ప్లగిన్లకు ఆటో-అప్‌డేట్ కూడా వచ్చింది కాబట్టి, దాన్ని ఆన్ చేసి ఉంటే ఆ లైను ఏ అర్ధరాత్రో పోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. పోతుందన్న భయంతో అప్‌డేట్లు ఆపేసేవాళ్ళున్నారు. అది ఇంకా పెద్ద తప్పు. డబ్బు చేతులు మారే సైటులో సెక్యూరిటీ అప్‌డేట్ ఆపడమంటే తలుపు తీసిపెట్టి నిద్రపోవడమే.

మార్చాల్సింది కేవలం మాటలే అయితే అసలు కోడ్ ఎందుకు? లోకో ట్రాన్స్‌లేట్ ప్లగిన్‌లో తెలుగు అనువాద ఫైలు తెరిచి ఆ ఒక్క వాక్యం మార్చుకోవచ్చు. సేవ్ చేసే చోటు అడిగినప్పుడు మాత్రం ‘కస్టమ్’ ఎంచుకోండి. మిగతా చోట్ల పెట్టిన ఫైలు అప్‌డేట్‌కు కొట్టుకుపోవచ్చు. ఈ పద్ధతికి ఒక షరతుంది: సైటు భాష తెలుగు అయి ఉండాలి. సైటంతా ఇంగ్లిష్‌లోనే ఉండి బటన్ ఒక్కటే తెలుగులో కావాలంటే కోడ్ దారే సులువు.

ఇక చైల్డ్ థీమ్. నెట్‌లో ఏ చిట్కా చదివినా ‘ఫంక్షన్స్ ఫైల్లో పేస్ట్ చెయ్యండి’ అనే ఉంటుంది. రంగులు, లేఅవుట్, వూకామర్స్ టెంప్లేట్ కాపీలు ఉండాల్సింది నిజంగా అక్కడే. కానీ వ్యాపారానికి సంబంధించిన మార్పులు, అంటే షిప్పింగ్ లెక్క, ధర, ఆర్డర్ నిబంధనలు, అక్కడుంటే థీమ్ మార్చిన క్షణమే అన్నీ మాయమవుతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. వర్డ్‌ప్రెస్ ముందు మస్ట్-యూజ్ ఫైళ్ళను, తర్వాత మామూలు ప్లగిన్లను, ఆ తర్వాతే థీమ్‌ను లోడ్ చేస్తుంది. ‘ప్లగిన్స్ లోడెడ్’ హుక్ (ప్లగిన్లన్నీ లోడైన క్షణంలో మన కోడ్‌ను పిలిచే కొక్కెం) మీద తగిలించిన కోడ్‌ను థీమ్‌లో పెడితే, థీమ్ వచ్చేసరికి ఆ హుక్ క్షణం దాటిపోయి ఉంటుంది. ఎర్రర్ రాదు, పనీ జరగదు. గంటలు తినేసే తప్పు ఇదే.

అసలు పోటీ స్నిప్పెట్ ప్లగిన్‌కూ సొంత ప్లగిన్‌కూ మధ్యే.

స్నిప్పెట్ ప్లగిన్‌లో పని హాయి. ఎఫ్‌టీపీ (సర్వర్‌కు ఫైళ్ళు పంపే పద్ధతి) అక్కర్లేదు, ఒక్కో తునకకూ వేరే స్విచ్చు ఉంటుంది. కోడ్ తప్పితే మిగతా ఫైళ్ళ జోలికి పోకుండా, వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్ ఫైలైన డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లో ఒక్క లైనుతో సేఫ్ మోడ్ ఆన్ చెయ్యొచ్చు. అయితే కోడ్ ఉండేది మామూలుగా డేటాబేస్‌లో. నిన్నటి బ్యాకప్ ఎక్కిస్తే ఇవాళ్టి తునక పోతుంది. స్టేజింగ్ సైటులో (పరీక్ష కోసం పెట్టుకున్న కాపీలో) రాసినది లైవ్‌కు రావాలంటే విడిగా ఎక్స్‌పోర్ట్ చెయ్యాలి. ఆ ప్లగిన్‌ను ఎవరైనా ‘ఇదెందుకులే’ అని ఆపేస్తే తునకలన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. ‘ఫ్రంట్-ఎండ్‌లో (కొనేవాళ్ళు చూసే పేజీల్లో) మాత్రమే’ అన్న ఆప్షన్ దగ్గరా జాగ్రత్త. థీమ్‌లో ‘మరిన్ని చూపు’ నొక్కితే వచ్చే వస్తువులు అడ్మిన్-ఎజాక్స్ (పేజీ మళ్ళీ తెరవకుండా సర్వర్‌ను అడిగే దారి) ద్వారా వస్తుంటే, ఆ పిలుపును వర్డ్‌ప్రెస్ అడ్మిన్ కింద లెక్కేస్తుంది. మీ తునక నడవదు. మొదటి పన్నెండు సీసాల కింద తెలుగు బటన్, పదమూడో సీసా నుంచి ఇంగ్లిష్ బటన్! అలాంటప్పుడు ‘అన్ని చోట్లా’ ఎంచుకోవాలి.

సొంత ప్లగిన్ అంటే భయపడాల్సిందేం లేదు. ఒక ఫోల్డరు, అందులో అదే పేరుతో ఒక పీహెచ్‌పీ ఫైలు, ఫైలు పైన కామెంట్‌లో ‘ప్లగిన్ నేమ్’ అన్న లైను. తప్పనిసరి అయిన లైను అదొక్కటే. ఫోల్డరును జిప్ చేసి ప్లగిన్స్, యాడ్ న్యూ, అప్‌లోడ్ దారిలో ఎక్కించి యాక్టివేట్ చెయ్యడమే. గిట్‌హబ్ (కోడ్ దాచుకునే సైటు) నుంచి దించిన జిప్‌తో మాత్రం జాగ్రత్త. దాని ఫోల్డరు పేరు చివర ‘-మెయిన్’ లాంటి తోక ఉంటుంది. పేరు మారింది కాబట్టి వర్డ్‌ప్రెస్ దాన్ని వేరే ప్లగిన్ అనుకుని పాతదాని పక్కన రెండో కాపీ పెడుతుంది. ఫంక్షన్ పేర్ల ముందు మీ షాపు పేరు ముక్క తగిలించండి. అదే పేరు ఇంకో ప్లగిన్‌లో ఉంటే సైటు అక్కడికక్కడే ఆగిపోతుంది.

సైటు ఆగిపోతే? వర్డ్‌ప్రెస్ 5.2 వెర్షన్ (2019) నుంచి రికవరీ మోడ్ ఉంది. సెట్టింగ్స్‌లోని అడ్మిన్ మెయిల్‌కు ఒక లింకు వస్తుంది, దాంతో లోపలికెళ్ళి తప్పిన ప్లగిన్‌ను ఆపొచ్చు. ఆ మెయిల్ ఐడీ ఎప్పుడో వదిలేసి వెళ్ళిన డెవలపర్‌దై ఉండటం మామూలే, ఇవాళే చూసుకోండి. మెయిల్ రాకపోతే సీప్యానెల్ (హోస్టింగ్ కంపెనీ ఇచ్చే కంట్రోల్ ప్యానెల్) ఫైల్ మేనేజర్‌లో మీ ప్లగిన్ ఫోల్డరు పేరు మార్చండి, సైటు తిరిగొస్తుంది.

మస్ట్-యూజ్ ఫోల్డర్లో పెట్టిన ఫైలును డ్యాష్‌బోర్డ్ నుంచి ఎవరూ ఆపలేరు. దాని బలమూ బలహీనతా అదే. అక్కడ కోడ్ తప్పితే రికవరీ మోడ్ కూడా దాన్ని ఆపలేదు, ఫైలు చేత్తో తీసెయ్యాల్సిందే. సబ్-ఫోల్డర్లోని ఫైళ్ళను అది చదవదు. చాలామంది ఫోల్డరుకు ఫోల్డరే ఎక్కించి ఎందుకు పనిచెయ్యట్లేదని తల పట్టుకుంటారు. క్లయింట్ పొరపాటున కూడా ఆపకూడని ఒకటి రెండు నిబంధనలకే దీన్ని వాడండి.

ఎక్కడ పెట్టినా కోడ్ సరిగ్గా ఉండాలి కాబట్టి మన బటన్ కోడ్‌ను కాస్త దగ్గరగా చూద్దాం. వస్తువు సొంత పేజీకి ఒక ఫిల్టర్ (వచ్చిన మాటను మార్చి తిప్పి పంపే హుక్), షాపు జాబితా పేజీకి ఇంకొకటి. జాబితా ఫిల్టర్ అన్ని రకాల వస్తువులకూ నడుస్తుంది. అరకిలో, కిలో సైజులున్న ఆవకాయకు అక్కడ సహజంగా వచ్చేది ‘సెలెక్ట్ ఆప్షన్స్’ బటన్. కళ్ళు మూసుకుని ‘బుట్టలో వెయ్యండి’ అని తిప్పి పంపితే దానికీ అదే పడుతుంది. నొక్కినవాళ్ళకు బుట్టలో ఏమీ పడదు, వేరే పేజీ తెరుచుకుంటుంది. స్టాకు లేనిదానికీ అంతే. అందుకని ఫంక్షన్‌కు మాటతోపాటు వస్తువును కూడా రప్పించుకుని, అది సింపుల్ (సైజుల్లాంటి ఎంపికలు లేని) రకమా, స్టాకు ఉందా అని చూసి అప్పుడే మార్చాలి. ఫంక్షన్ రెండు విలువలు అడుగుతోంది కాబట్టి యాడ్-ఫిల్టర్ లైను చివర ప్రయారిటీ 10 తర్వాత 2 అని రాయాలి. ఆ 2 మరిచిపోతే వచ్చేది ఒక్కటే విలువ, 7.1 నుంచి పీహెచ్‌పీకి అది ఫేటల్ ఎర్రర్ (పేజీని అక్కడే ఆపేసే తప్పు).

చెక్ఔట్ పేజీ గడులు మార్చే పాత చిట్కాల సంగతి వేరు. వూకామర్స్ 8.3 (2023) నుంచి కొత్తగా పెట్టిన షాపులకు చెక్ఔట్ బ్లాకులతో వస్తుంది, పాత చెక్ఔట్-ఫీల్డ్స్ ఫిల్టర్ దాన్ని తాకదు. ఆ కోడ్‌ను ఐదు చోట్లకు మార్చి మార్చి పెట్టినా లాభం ఉండదు.

నా ఓటు ఇలా. ఒకటి రెండు తునకలుండి సైటు మీరే చూసుకుంటుంటే స్నిప్పెట్ ప్లగిన్ చాలు. ఐదారు దాటినా, ఇంకొకరి చేతికి అప్పగించేదైనా సొంత ప్లగిన్. రూపానికి సంబంధించిందైతేనే చైల్డ్ థీమ్.

ఇప్పటికే థీమ్‌లో ఉన్న కోడ్‌ను సొంత ప్లగిన్‌లోకి తెచ్చేటప్పుడు వరస ముఖ్యం. ముందు థీమ్‌లోంచి తీసి, తర్వాతే ప్లగిన్ యాక్టివేట్ చెయ్యండి. రెండు చోట్లా ఒకే పేరుంటే ఫేటల్ ఎర్రర్ అని యాక్టివేషన్ ఆగిపోతుంది. పేరు మార్చి ఎక్కిస్తే ఎర్రర్ రాదు కానీ రెండూ నడుస్తాయి. బటన్ మాటకైతే నష్టం లేదు. అదే షిప్పింగ్ ధరకు 50 రూపాయలు కలిపే ఫిల్టర్ అయితే బిల్లులో వంద కలుస్తుంది.