విండోస్ 11 టాస్క్‌బార్: సెట్టింగ్స్ సరిపోతాయా, వేరే టూల్ కావాలా?

విండోస్ 10 నుంచి 11కి అప్‌డేట్ అయ్యాక చాలామందికి మొదట ఇబ్బందిగా అనిపించేది టాస్క్‌బారే. స్టార్ట్ బటన్ మధ్యకి వచ్చేస్తుంది, చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ ఎడమ మూలకే పోతుంది. దీన్ని సరిచేయడానికి రెండు దారులున్నాయి.

ఒకటి, విండోస్ సెట్టింగ్స్. పర్సనలైజేషన్‌లో టాస్క్‌బార్ తెరిచి, టాస్క్‌బార్ బిహేవియర్స్‌లో అలైన్‌మెంట్‌ను లెఫ్ట్‌కి మారిస్తే బటన్ పాత చోటుకి వస్తుంది. విడ్జెట్స్, సెర్చ్ పెట్టె అక్కర్లేకపోతే అదే పేజీలో తీసేయొచ్చు. ఒక్కో విండోకి పేరు విడిగా కనిపించే సదుపాయం 2021లో విండోస్ 11 విడుదలైనప్పుడు లేదు, 2023లో మళ్లీ ఇచ్చారు. ఫైళ్ల మీద పాత రైట్ క్లిక్ మెనూ కావాలంటే షిఫ్ట్ నొక్కి రైట్ క్లిక్ చేస్తే చాలు. ఇది తెలియకే చాలామంది విసుక్కుంటారు.

రెండోది, ఎక్స్‌ప్లోరర్‌ప్యాచర్ లాంటి బయటి టూల్. ఉచితం, పాత టాస్క్‌బార్‌నే దాదాపుగా తెచ్చిపెడుతుంది. ఆ మేరకు సెట్టింగ్స్ దీనికి సాటిరావు. అయితే ఇది విండోస్ లోపలి భాగాల్లో వేలు పెట్టి పనిచేస్తుంది. పెద్ద అప్‌డేట్ వస్తే ఆ భాగాలు మారిపోతాయి, టాస్క్‌బార్ కనిపించకుండా పోయే ప్రమాదమూ ఉంది. అందుకే పెద్ద అప్‌డేట్‌కి ముందు దాన్ని తీసేసి, కొత్త వెర్షన్ వచ్చాక మళ్లీ వేసుకోవడం మేలు. స్టార్ట్11 అనే ఇంకో టూల్ కూడా ఉంది కానీ అది డబ్బు పెట్టి కొనాలి.

ఆఫీసు కంప్యూటరైతే నా ఓటు సెట్టింగ్స్‌కే. సొంత మెషీన్, పాత రూపం లేకపోతే పని సాగదు, అప్పుడప్పుడు మరమ్మతుకీ ఓపికుంది అంటే టూల్ వేసుకోండి.