డిజిటల్ డబ్బును ముందే ఊహించింది ఎవరు: ఆర్వెల్లా, ఆట్‌వుడ్డా?

అరటి గెల కొన్నా ఫోన్‌తోనే కడుతున్న ఈ రోజుల్ని ముందే పట్టుకున్న నవల ఏది, '1984' చదవాలా, 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్' చదవాలా అని రావులపాలెం, అమలాపురం కుర్రాళ్లు తరచూ అడుగుతున్నారు. రెండూ గొప్పవే. డబ్బు సంగతి వరకైతే నా ఓటు 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్' రాసిన మార్గరెట్ ఆట్‌వుడ్‌కే.

1949లో వచ్చిన జార్జ్ ఆర్వెల్ '1984'లో గోడ మీద మనుషుల్ని కనిపెట్టే తెర, టెలిస్క్రీన్, ఉంటుంది గానీ, జేబులో ఉండేది మాత్రం నగదే. కథానాయకుడు విన్‌స్టన్ పాత సామాన్ల కొట్లో రెండున్నర డాలర్లిచ్చి డైరీ కొంటాడు. ఆ కొనుగోలు ఏ పద్దులోనూ ఎక్కదు. అందుకే ప్రభుత్వం ఆ కొట్టు యజమాని వేషంలో పోలీసును కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ శ్రమ లేదు. గల్లాపెట్టె పక్కన క్యూఆర్ కోడ్ ఉంటే చాలు, ఎవరు ఎప్పుడు ఎంత కట్టారో నమోదైపోతుంది.

1985 నాటి ఆట్‌వుడ్ నవలలో నోట్లు అప్పటికే పోయాయి. కథానాయిక సిగరెట్లు కొనబోతే కొట్లో కుర్రాడు ఆమె ఖాతా నంబర్ కొట్టి, చెల్లదంటాడు. అదే రోజు ఉద్యోగమూ పోతుంది. ఆడవాళ్ల ఖాతాలన్నీ ఒక్క దెబ్బతో ఆపేశారని, ఆ డబ్బు ఇకపై భర్త చేతికో దగ్గరి మగ బంధువు చేతికో వెళ్తుందని తర్వాత తెలుస్తుంది. తుపాకీతో పాటు ఖాతా ఆపడమూ ఆయుధమైంది. నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే: డబ్బు ఆపే మీట ఎవరి చేతిలో ఉంది?

భీమవరం వైపు రొయ్యల షెడ్లలో తలలు తీసే ఆడవాళ్లలో నేనెరిగిన కొందరికి ఖాతా సొంత పేరు మీదే ఉంది. దానికి లింకైన ఫోన్ మాత్రం భర్తదో కొడుకుదో. ఓటీపీ అటే పోతుంది. కూలి పడిందో లేదో ఇంటికెళ్లి అడిగి తెలుసుకోవాలి. నేరుగా ఖాతాలో పడటం వల్ల మేస్త్రీల కోత తగ్గిన మాటా నిజమే, కాదనను. కానీ ఇక్కడ మీట నొక్కడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఇంట్లో ఫోన్ ఎవరి దగ్గరుందన్నదే చాలు. ఆట్‌వుడ్ సొంత దేశం కెనడాలోనే 2022 ఫిబ్రవరిలో, ట్రక్కుల నిరసన సమయంలో, కోర్టు ఉత్తర్వు లేకుండానే ఖాతాలు స్తంభింపజేసే అధికారం బ్యాంకులకు ఇచ్చారు.

మిగతావాటిలో, హక్స్‌లీ 1932 నవల 'బ్రేవ్ న్యూ వరల్డ్' సుఖాలతో లొంగదీయడం గురించి, ఈ ప్రశ్నకు అంతగా పనికిరాదు. 1888లో ఎడ్వర్డ్ బెల్లమీ రాసిన 'లుకింగ్ బ్యాక్‌వర్డ్' ఆదర్శ లోకం కథే అయినా, దుబారా చేసేవాడికి ప్రభుత్వమిచ్చే ఏడాది వాటాను నెలకో వారానికో కొంచెం కొంచెంగా ఇస్తారక్కడ. ఫలానా ఖర్చుకే చెల్లేలా రిజర్వ్ బ్యాంకు డిజిటల్ నగదు ఈ-రూపాయిని తయారుచేసే ప్రయత్నాలు చూస్తున్నవాళ్లు ఆ పేజీలు తిరగేయొచ్చు.

తీరిక తక్కువైతే ఆట్‌వుడ్ నవలలో 28వ అధ్యాయం ముందు చదవండి. కొట్లో నంబర్ చెల్లని ఘట్టం అందులోనే ఉంది.